పాత టాటా 1613కి ఏ ఇంజిన్ ఆయిల్? ముందు ప్రెజర్ గేజి సంగతి చూడండి

మీ లారీ 2006 మోడల్ టాటా 1613, కమ్మిన్స్ టర్బో ఇంజిన్. పొగ కొంచెం పెరిగిందని మెకానిక్ 20డబ్ల్యూ-50 పోయమంటున్నాడు. ఆయిల్ దుకాణంలో కొత్తగా వచ్చిన సీకే-4 తీసుకోమంటున్నారు. డ్రైవరేమో ఇన్నాళ్లూ పోసిన 15డబ్ల్యూ-40 మార్చవద్దని పట్టుబడుతున్నాడు. ఎవరి మాట వినాలని కదా మీ ప్రశ్న. నేను డ్రైవర్ పక్షం. నాన్నగారి కాలం నుంచి మా కుటుంబానికి లారీలే ఆధారం. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ఈ వాదన ఎన్నో ఏళ్లుగా వింటున్నాను, ఇదే ఇంజిన్ ఉన్న బళ్లు మేమూ తిప్పాం. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

బకెట్ మీద ఉండే రెండు రాతలను చాలామంది ఒకటే అనుకుంటారు. 15డబ్ల్యూ-40 అన్నది చిక్కదనం. సీహెచ్-4, సీఐ-4, సీకే-4 అన్నవి ఆయిల్ నాణ్యత ఏ పరీక్షలకు నిలిచిందో చెప్పే గుర్తులు. ముందు చిక్కదనం తేల్చుకోవాలి, తరువాత ఈ అక్షరాలు, అన్నిటికంటే చివర కంపెనీ పేరు. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. కంపెనీ పేరు మీద షెడ్డులో గంటసేపు వాదిస్తారు, బకెట్ తిప్పి వెనకవైపు చదివేవాడు ఒక్కడూ ఉండడు.

చిక్కదనం విషయంలో మీ మెకానిక్ మాటలో కొంత న్యాయం ఉంది. బేరింగులు అరిగినప్పుడు సందులు పెరుగుతాయి, వేడెక్కిన ఆయిల్ వాటిలోంచి సులువుగా జారిపోతుంది, ఆయిల్ ప్రెజర్ పడిపోతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే ప్రెజర్ గేజి ముల్లు మళ్లీ పైకి లేస్తుంది, పొగ కూడా కొన్నాళ్లు తగ్గుతుంది. అయితే ఆ గేజిలో కనిపించేది ఆయిల్ ఎంత పారుతోందన్నది కాదు, పారడానికి ఎంత అడ్డు తగులుతోందన్నది. 100 డిగ్రీల వేడిలో 40 గ్రేడు చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 మధ్య. వేడి మీద ఇదే పెద్ద తేడా అనుకుంటే, తెల్లవారుజామున సెల్ఫ్ కొట్టే వేళకు ఇది ఇంకా పెరుగుతుంది. ఆ మొదటి క్షణాల్లో ఆయిల్ అన్నిటికంటే ఆలస్యంగా చేరే చోట్లలో, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఒకటి. దాని ఇరుసు లోడు మీద నిమిషానికి లక్షకు అటూ ఇటూ తిరుగుతుంది. దాని బేరింగులను ఎండబెట్టి ముల్లు పైన ఉందని సంతోషించడం నాకు సరైన బేరంగా తోచదు.

"మన రెంటచింతల, రామగుండం ఎండలకు పలుచని ఆయిల్ నిలుస్తుందా?" అన్న మాట కూడా మీకు వినిపించే ఉంటుంది. బయట 45 డిగ్రీలు ఉన్నా, 25 ఉన్నా, కూలింగ్ సవ్యంగా ఉన్న ఇంజిన్ లోపలి వేడిలో పెద్ద మార్పు ఉండదు. ఆ పని థర్మోస్టాట్ వాల్వ్ చూసుకుంటుంది. ఇక్కడే మన షెడ్ల అలవాటు ఒకటి చెప్పాలి. బండి వేడెక్కుతోందని ఫిర్యాదు రాగానే ఆ వాల్వ్‌ను పీకి పారేస్తారు. అప్పటి నుంచి ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే నడుస్తుంది. పూర్తిగా కాలని డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది, లోపల చేరిన తేమ ఆవిరై పోదు, మూత తెరిస్తే అడుగున మడ్డి కనిపిస్తుంది. మీ బండికి వాల్వ్ ఉందో లేదో ముందు అడగండి. లేకపోతే ఆయిల్ మార్చడం కంటే అది పెట్టించడం ముఖ్యం.

ప్రెజర్ గేజి గురించి. డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మి నిర్ణయం తీసుకోవద్దు. ఇరవై ఏళ్ల బండిలో ఆ సెన్సరు, వైరింగు ఏ స్థితిలో ఉంటాయో మీకు తెలియనిది కాదు. నేరుగా ఇంజిన్‌కు బిగించే గేజితో, బండి బాగా తిరిగి వచ్చాక, వేడి మీద చూడాలి. ఈ కమ్మిన్స్ 5.9 లీటర్ల ఇంజిన్‌కు స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) కనీసం 10 పీఎస్ఐ, పూర్తి స్పీడులో కనీసం 30 పీఎస్ఐ ఉండాలి. అంతకంటే పైన ఉంటే 15డబ్ల్యూ-40 మానడానికి కారణం లేదు. 10 కంటే కిందికి దిగితే అది ఆయిల్ తీర్చే జబ్బు కాదు, బేరింగులు చూడాలి. ఇంజిన్ విప్పి బేరింగులు మార్చే హాఫ్ ఇంజిన్ పనికి డబ్బు సమకూరేవరకు, పంట కాలం కిరాయిలు దాటేవరకు 20డబ్ల్యూ-50తో నెట్టుకొచ్చినవాళ్లను నేను తప్పుపట్టను. అది గడువు తెచ్చుకోవడం అని తెలిసి చేస్తే చాలు.

ఇక అక్షరాల సంగతి. సీ తో మొదలయ్యేవి డీజిల్ ఇంజిన్లకు, ఎస్ తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజిన్లకు. కారుకు మిగిలిన ఆయిల్ లారీలో కలపకండి. సీఎఫ్-4 1990 నాటిది, ఈ గుర్తులు ఇచ్చే అమెరికా సంస్థ ఏపీఐ దాన్ని ఎప్పుడో పక్కన పెట్టింది. చౌకగా దొరుకుతుందని టర్బో బండిలో పోయకండి. సీహెచ్-4 1998లో వచ్చింది, మీ ఇంజిన్‌కు అది సరిపోతుంది. 2002లో సీఐ-4, 2004లో సీఐ-4 ప్లస్ వచ్చాయి. పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ ఉన్న ఇంజిన్లలో మసి ఎక్కువ చేరుతుంది, దాన్ని తట్టుకునేలా వాటిని చేశారు. మీ బండికి ఆ ఏర్పాటే లేదు కనుక సీఐ-4 ప్లస్ మీకు ధారాళంగా సరిపోతుంది, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. నేను కొనేది అదే.

దుకాణదారు చెప్పిన సీకే-4 పోస్తే ఇంజిన్ పాడవుతుందా? పాడవదు. 2016 చివర్లో వచ్చిన ఆ ఆయిల్‌ను పాత ఇంజిన్లకూ పనికొచ్చేలాగే రూపొందించారు. దాని మీద ఉన్న అనుమానం ఒకటుంది: పొగ గొట్టంలో మసి ఫిల్టరు అమర్చిన కొత్త బళ్ల కోసం అందులో బూడిద మిగిల్చే పదార్థాలు తగ్గించారు, కాబట్టి డీజిల్‌లోని గంధకం వల్ల పుట్టే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి తక్కువని. మీ లారీ షోరూం నుంచి వచ్చిన రోజుల్లో ఆ అనుమానానికి అర్థం ఉండేది, అప్పటి కాలుష్య ప్రమాణమైన బీఎస్-2 డీజిల్‌లో గంధకం 500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 500) దాకా ఉండవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బంకుల్లో అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో పరిమితి 10 పీపీఎం. మీ ఇంజిన్ తన జీవితంలో ఇంత శుభ్రమైన డీజిల్ ఎన్నడూ తాగలేదు. అందువల్ల సీకే-4కు మీరు భయపడనక్కరలేదు, అలాగని దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టనూ అక్కరలేదు. ఎక్కడైనా ఎఫ్ఏ-4 అని కనిపిస్తే మాత్రం తీసుకోకండి. అది కొత్త తరహా ఇంజిన్ల కోసం చేసిన పలుచటి ఆయిల్. రోడ్డు పక్కన చవకగా అమ్మే పేరులేని "బయోడీజిల్" పోయిస్తుంటే ఈ లెక్కలేవీ వర్తించవు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మీ ప్రశ్నలో ఒక్క వాక్యంలో దొర్లింది. "ఆయిల్ అసలు తగ్గడమే లేదు, పైగా ఒక్కోసారి ఎక్కువే చూపిస్తోంది" అని సంతోషంగా రాశారు. నన్ను కంగారు పెట్టింది అదే. పాత డీజిల్ ఇంజిన్ కొంచెమైనా ఆయిల్ తాగాలి. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరులోపు తాగితే ఈ వయసు ఇంజిన్‌కు నేను పట్టించుకోను. తగ్గకపోగా పెరుగుతోందంటే లోపలికి ఇంకేదో చేరుతోంది. అది నీళ్లయితే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరుగుతుంది, రేడియేటర్‌లో నీరు తగ్గుతుంది. డీజిల్ అయితే రంగులో ఏమీ తెలియదు, డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలుస్తుంది.

మా బండి ఒకదానికి ఇదే జరిగింది. ప్రెజర్ మెల్లమెల్లగా దిగుతుంటే అందరూ చిక్కటి ఆయిల్ పోయమన్నవాళ్లే. తీరా చూస్తే ఇంజిన్‌కు డీజిల్ కొట్టే మైకో పంపులో ఎలిమెంట్లు అరిగి డీజిల్ కిందికి జారుతోంది. ఆ పంపుకు కందెన ఇంజిన్ ఆయిలే కనుక జారిన డీజిల్ అక్కడి నుంచి నేరుగా ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్‌లోకి చేరుతోంది. పంపు పని చేయించి, కొత్తగా అదే 15డబ్ల్యూ-40 పోస్తే ప్రెజర్ యథాస్థానానికి వచ్చింది. ఆరోజు 20డబ్ల్యూ-50 పోసి ఉంటే ముల్లు లేచేది, డీజిల్ కలుస్తూనే ఉండేది, బేరింగులు పోయాక గానీ సంగతి తెలిసేది కాదు. డీజిల్ పంపించే చిన్న ఫీడ్ పంపు లోపల లీకైనా ఇదే లక్షణం, దాన్ని ముందు చూడటం చవక.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. వేడిగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ నుంచి ఒక చుక్క తెల్లటి ఫిల్టర్ కాగితం మీద వేసి రాత్రంతా వదిలేయండి. నడుమ నలుపు అంచులకు క్రమంగా పలచబడితే ఆయిల్‌కు మసిని మోసే శక్తి ఇంకా ఉంది. నల్లటి చుక్క అంచు గీత గీసినట్టు ఆగిపోతే ఆ శక్తి అయిపోయింది, మార్చేయాలి. చుట్టూ వెడల్పుగా లేత వలయం పాకితే డీజిల్ కలిసినట్టు. ఆయిల్ మార్చిన మర్నాడే నల్లబడిందని మాత్రం ఎవరినీ తిట్టకండి. మసిని తనలోకి లాక్కుంటోంది కాబట్టే నల్లబడింది.

మార్చేటప్పుడు కిరోసిన్ పోసి ఇంజిన్ తిప్పి కడగనివ్వకండి. అది మొత్తం బయటకు రాదు, మిగిలింది కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది, ఎప్పటి నుంచో పేరుకున్న మడ్డి గడ్డలుగా ఊడి ఆయిల్ వెళ్లే జాలీలో ఇరుక్కుంటుంది. మంచి ఆయిల్ ఆ మడ్డిని తానే నిదానంగా కరిగిస్తుంది. మునుపు నాసిరకం పోసిన బండైతే మొదటి ఫిల్టర్‌ను సగం దూరానికే మార్చండి. ఫిల్టర్ మూసుకుపోతే లోపలి వాల్వ్ తెరుచుకొని వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగులకు వెళుతుంది. కొత్త ఫిల్టర్‌ను ఆయిల్‌తో నింపి బిగించాలి. తరువాత ఇంజిన్ ఆపే స్టాప్ వైరు లాగి పట్టుకొని, ముల్లు లేచేదాకా కొద్దికొద్దిగా సెల్ఫ్ కొట్టి, అప్పుడు స్టార్ట్ చేయాలి. మేము హైవే బళ్లకు 15,000 కిలోమీటర్లకు మారుస్తాం. మీది ఇసుకకో కంకరకో వెళ్లి గంటల తరబడి స్లోలో నిలబడే బండైతే కిలోమీటర్లను నమ్మవద్దు, ఇంకా ముందే మార్చండి.

కొనే చోటు గురించి కూడా చెప్పాలి. సర్వో, మాక్, హెచ్‌పీ, గల్ఫ్, క్యాస్ట్రాల్, వాల్వోలిన్‌లలో ఏదైనా సరే, బకెట్ మీద పైన చెప్పిన రెండు రాతలూ ఉంటే నాకు అభ్యంతరం లేదు. అసలైనదా కాదా అన్నదే ప్రశ్న. కంపెనీ బంకులోనో డీలరు దగ్గరో బిల్లుతో కొనండి. ఖాళీ బకెట్‌ను సీలు మూత చెడకుండా అడిగే పాత సామాన్ల వాడికి అది ఎందుకో ఊహించడం కష్టం కాదు. మేము మూతకు రంధ్రం కొట్టి, బకెట్‌ను స్నానాల గదికి పంపిస్తాం. కొన్ని బకెట్లలో మెకానిక్‌లకు కూపన్లు పెడతారు. మీ మెకానిక్ ఒకే కంపెనీ పేరు పట్టుకొని కూర్చుంటే కూపన్ తీసుకోమని అతనికే ఇచ్చేయండి, గ్రేడు మాత్రం మీరు చెప్పండి.

ఆయిల్ కొనేముందు మూడు వివరాలు చూసి కింద రాయండి: వేడి మీద స్లోలో ప్రెజర్ ఎంత, డిప్‌స్టిక్‌కు డీజిల్ వాసన ఉందా, ఆయిల్ పోసే మూత తీసి స్లోలో ఉంచితే బ్యాక్ కంప్రెషన్ (లోపలి నుంచి పైకి తన్నే గాలి) ఎంత కొడుతోంది. మూడోది ఎక్కువగా ఉంటే పొగకు కారణం రింగులు, బోర్లు కావచ్చు. అప్పుడు మాట్లాడాల్సింది ఆయిల్ గురించి కాదు, బోరింగ్ పనికి అయ్యే ఖర్చు గురించి.