సెల్లార్ నేల ఎత్తుపల్లాలు: వినైల్ వేసే ముందు

ఎంవీపీ కాలనీలో సెల్లార్ గదికి వినైల్ ప్లాంకులు (నేల మీద పరిచే ప్లాస్టిక్ పలకలు) వేయిద్దామంటే కాంక్రీటు నేల ఒక మూల దిగి, మధ్యలో ఉబ్బి ఉందని, సిమెంటు పాలు పోసేస్తే చాలని మేస్త్రీ అంటున్నాడని రాశారు కదండీ, దయచేసి ఒప్పుకోకండి. ఆ పల్చటి పొర పాత కాంక్రీటును పట్టుకోదు, పెచ్చులుగా లేచిపోతుంది.

ముందు చెమ్మ చూడండి. అసలే మన వైజాగ్ సముద్రపు గాలి, అందులోనూ భూమిలోపలి గది, పైకి పొడిగా కనిపించినా నమ్మొద్దు. ఒకటిన్నర అడుగు ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగంచులా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. కింద నీటి బొట్లు పట్టినా, కాంక్రీటు రంగు ముదిరినా లెవెలింగ్ మాట పక్కనపెట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి.

పొడిగా ఉంటే పొడవాటి అల్యూమినియం పట్టీ అన్ని దిక్కులా పెట్టి ఎత్తులు, పల్లాలు సుద్దతో గీయండి. పది అడుగులకు సుమారు 5 మి.మీ. మించి తేడా ఉంటే చాలా వినైల్ కంపెనీలు ఒప్పుకోవు. ఉబ్బును గ్రైండర్‌తో అరగదీయించండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చేటు, మంచి మాస్కు తప్పనిసరి. తర్వాత దుమ్మంతా లాగేసి, పగుళ్లు పూడ్చి, పట్టు కోసం ప్రైమర్ పూత కొట్టి, అది ఆరాకే సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ (నీళ్లు కలిపి పోస్తే తనంతట తానే పారి సమంగా పరుచుకునే సిమెంటు మిశ్రమం) పోయాలి.

నీళ్లు మాత్రం బస్తా మీద రాసినంతే, కొలిచి కలపండి. బాగా పారుతుందని ఒక మగ్గు ఎక్కువ పోస్తే బలం పోతుంది. కలిపిన మాలు నిమిషాల్లోనే బిగుస్తుంది కాబట్టి ఒకరు కలుపుతుంటే ఒకరు పోయాలి, వెంటనే ముళ్ల రోలర్ తిప్పితే గాలి బుడగలు పోతాయి.