ఎస్సీ అని రాయనంటున్న కొడుకు, కలవరపడుతున్న తండ్రి

ప్రశ్న: వందనాలండి. మాది ఒంగోలు దగ్గర పల్లె. తాతల కాలం నుంచీ బాప్టిస్టు సంఘమే. ఇంట్లో అందరికీ ఎస్సీ సర్టిఫికెట్లే ఉన్నాయి. మావాడు బీటెక్ అయ్యాక రెండేళ్లుగా గ్రూప్-2కి చదువుతున్నాడు. మొన్న యౌవనస్థుల రిట్రీట్‌కి వెళ్లొచ్చాక, 'నేను బాప్తిస్మం తీసుకున్నవాణ్ని, ఎస్సీ అని రాయను, క్రైస్తవులైన ఎస్సీలకిచ్చే బీసీ-సీ సర్టిఫికెట్ తీసుకుంటా' అని పట్టుబట్టాడు. దేవుడు హృదయం చూస్తాడు గానీ కాగితం చూస్తాడా? మా సంఘంలో ఉద్యోగాలొచ్చిన వాళ్లంతా అలా వచ్చినవాళ్లే. వాణ్ని ఎలా ఒప్పించమంటారు?

జవాబు: అయ్యా, వందనాలు. వాణ్ని ఒప్పించే మాట నా దగ్గర లేదు. మీ అబ్బాయి చెప్పేది నిజం. ఆ నిజానికి ఎంత ఖర్చవుతుందో వాడికి తెలుసా అన్నదే నా దిగులు.

నేనూ బీసీ-సీ అభ్యర్థినే. వయసులో ఉండగా రెండుసార్లు గ్రూప్-2 రాశాను. రెండోసారి ఎస్సీ కటాఫ్ కంటే ఎక్కువ మార్కులే వచ్చాయి, ఉద్యోగం మాత్రం రాలేదు. లిస్టు చూసిన రోజు ఇంటికి వెళ్లి ఏడ్చాను. కాబట్టి మీ భయాన్ని అవిశ్వాసం అనను.

ముందు చట్టం సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైన వారినీ వారి సంతానాన్నీ బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. ఎస్సీల పదిహేను శాతం ఎక్కడ, మన ఒకటి ఎక్కడ! ఏపీపీఎస్సీ అర్హత మార్కులు కూడా ఎస్సీకి 30 శాతం, బీసీకి 35. ఇక 2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు, పుదుచ్చేరిలో గుమస్తా ఉద్యోగానికి ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒక మహిళ కేసులో గట్టిగా చెప్పింది: క్రైస్తవాన్ని ఆచరిస్తూ రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అని. తప్పుడు కుల ధ్రువీకరణ మీద మన రాష్ట్రంలో 1993 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. సర్టిఫికెట్ రద్దయితే దాని మీద వచ్చిన ఉద్యోగమూ నిలవదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరు ఫిర్యాదు చేస్తారోనని వెనక్కి చూసుకుంటూ బతకడం ఎలా ఉంటుందో నా దగ్గరకు వచ్చి చెప్పుకున్నవాళ్లు ఉన్నారు.

ఈ చట్టం న్యాయమైనదని నేను అనుకోవడం లేదు. బాప్తిస్మం తీసుకున్నామని టీకొట్టులో రెండో గ్లాసు మాయం కాలేదు, ఊరి చివర ఇల్లు ఊరి మధ్యకు రాలేదు. మతంతో ముడిపెట్టకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2023లో మన అసెంబ్లీ కూడా దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసి పంపింది. ఈ మాట బయట నిలబడి, మన పేరుతో మనం అడగాల్సిన మాట. ఆదివారం మందిరంలో ఒక పేరు, సోమవారం ఆఫీసులో ఇంకో పేరు పెట్టుకుంటే అడిగే నోరెక్కడిది? అయితే అబ్బాయికి ఒక్కటి గట్టిగా చెప్పండి. సంఘంలో ఆ సర్టిఫికెట్‌తో బతుకుతున్న పెద్దలను తక్కువగా చూసే హక్కు వాడికి లేదు. ఆ జీతాలతోనే మన మందిరాల పైకప్పులు లేచాయి. వాళ్ల తీర్పు వాళ్లకూ దేవునికీ మధ్య ఉంటుంది.

హృదయం గురించి మీరన్నదానికి బైబిల్లో నయమాను కథ దగ్గరగా ఉంటుంది. అతను సిరియా సేనాధిపతి. దేవుణ్ని నమ్ముకున్నాక కూడా తన రాజుతో కలిసి రిమ్మోను విగ్రహం ఉన్న గుడిలో వంగవలసి వస్తుందని, క్షమించమని అడిగాడు. ఎలీషా ప్రవక్త నెమ్మదిగలిగి వెళ్లమన్నాడు. చాలామంది దీన్నే చూపిస్తారు. నేనూ ఈ కథ చాలా రోజులు పట్టుకుని కూర్చున్నాను. నయమాను చేసిన పని గమనించండి: దాచలేదు. ప్రవక్త ముఖం చూసి తన ఇబ్బంది చెప్పాడు. మన ఇళ్లలో అసలు ఈ మాటే ఎత్తం. కాగితం బీరువాలో పెట్టి, పైన సౌకర్యంగా పాటలు పాడుకుంటాం. మీ అబ్బాయి ఆ మౌనాన్ని కదిపాడు.

మీ ఒంగోలు చరిత్రే చూడండి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండికోసం కలిశారన్న మాట రాకూడదని. కరువు తీరాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. మీ తాతల తాతలు అందులో ఉన్నారేమో నాకు తెలియదు. ఆ సంఘానికి పిల్లలం మనం.

ఇక కెరీర్ మాట. గ్రూప్-2 ఒక్కదాని మీదే కూర్చుంటే ఒక్క శాతం వాడికి ఇరుకైన సందు. కేంద్ర ఓబీసీ జాబితాలో మన వర్గం ఉంది, అక్కడ రిజర్వేషన్ 27 శాతం, వయసు సడలింపు మూడేళ్లు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్, రైల్వే, బ్యాంకు పరీక్షలకు సిలబస్‌లో రీజనింగ్, అరిథ్‌మెటిక్ ఎక్కువ. బీటెక్ చదివినవాడికి ఆర్నెల్లలో అందేవే. కుటుంబం సంపన్న శ్రేణిలో లేదని చెప్పే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. గ్రూప్-2 మానొద్దు, కాకపోతే ఓపెన్ కటాఫ్‌ను లక్ష్యంగా పెట్టుకుని చదవాలి. ఒక గడువు కూడా పెట్టుకోమనండి, రెండు నోటిఫికేషన్లు చాలు. ఈలోగా ఏదో ఒక ప్రైవేటు ఉద్యోగంలో చేరితే మీ మీద భారం తగ్గుతుంది.

రిట్రీట్‌లో చెయ్యెత్తడం తేలిక. తహసీల్దారు ఆఫీసులో నాలుగుసార్లు తిరగడం కష్టం. ఆ వేడి చల్లారడానికి ఒక నెల ఆగమనండి. అప్పటికీ మాట మీదే ఉంటే వెంట వెళ్లండి. ఒక జాగ్రత్త: వాడు బీటెక్‌లో ఎస్సీ కింద ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుని ఉంటే, కాగితాలు మార్చేముందు మంచి లాయరుకు అన్నీ చూపించండి. దీన్ని దాటవేయకండి. తర్వాత సచివాలయంలో బీసీ-సీ దరఖాస్తు పెట్టొచ్చు. బాప్తిస్మం సర్టిఫికెట్, పదో తరగతి సర్టిఫికెట్, మీ కుల ధ్రువీకరణ తీసుకెళ్లండి. ఏపీపీఎస్సీ ప్రొఫైల్‌లో కులం కూడా కొత్త సర్టిఫికెట్‌తో సరిపోయేలా మార్చాలి.

పాత సంఘ రిజిస్టర్‌లో మీ నాన్నగారి బాప్తిస్మం తేదీ ఉంటే దాని నకలు కూడా రాయించుకోండి. విచారణకు వచ్చిన వీఆర్వో తప్పకుండా అడుగుతాడు.