వేళాకోళంగా అడిగిన పల్లకీ

చిరంజీవికి,

నీవు పంపిన సినిమా వ్యాసంలో "మల్లీశ్వరి బాగానే ఉంది కానీ సాగదీశారు" అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి నాకు కోపం వచ్చింది. మూడో పేజీలో మీ జేజి సంగతి లేకపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాను. మల్లి ఇంటికి రాయలవారి పల్లకీ రాగానే, చెనిక్కాయలు ఒలుస్తున్న ఆమె చేయి చాటలోనే ఆగిపోయిందని రాశావు. వ్యాసమంతటిలో నీ కంటితో చూసి రాసింది ఆ ఒక్కటే.

ఆ చేయి ఎందుకు ఆగిందో ఆలోచించి ఉంటే సాగదీశారని అనేవాడివి కాదు. వానపూట మండపంలో, మారువేషంలో వచ్చిన రాయలవారిని మల్లి బావ నాగరాజు ఆమెకు పల్లకీ పంపించమని వేళాకోళంగా అడుగుతాడు. తరువాత అతడు సంపాదన కోసం ఊరు విడిచిపోతాడు, మల్లి ఎదురుచూస్తూ ఉంటుంది, ఆ మాటను మనమూ మరిచిపోతాం. మరిచిపోయేంత వ్యవధి దర్శకుడు బి.ఎన్. రెడ్డి మనకిచ్చాడు కనుకనే, మల్లిని రాణివాసానికి తీసుకుపోయేందుకు పల్లకీ నిజంగా వచ్చి నిలబడినప్పుడు అది రాజమర్యాదగా కాక శిక్షగా తోస్తుంది.

దీన్ని వదిలేసి, సినిమా 1951లో వచ్చిందనీ, దర్శకుడు మన కడప జిల్లావాడనీ, ఆయనకు ఫాల్కే పురస్కారం దక్కిందనీ, మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి అనీ పేజీలు నింపావు. అన్నీ నిజాలే, మన సీమకు గర్వకారణాలే. కానీ అవి సినిమా చూడనివాడు కూడా రాయగలడు. సినిమా గురించి రాయడమంటే తెర మీద ఏం జరిగిందో, అది చూస్తున్న మనిషికి ఏమైందో రాయడమే. విమర్శలో ఇంతకు మించిన సూత్రాన్ని నేను నమ్మను.

మాయాబజార్‌లో "సావిత్రి నటన అద్భుతం" అన్నావు. అద్భుతమంటే పాఠకుడికి ఏం కనబడుతుంది? "అహ నా పెళ్ళియంట" పాటలో సుశీల గొంతు పోయి ఘంటసాల గొంతు వినబడినప్పుడు, శశిరేఖ రూపంలోని ఘటోత్కచుడు బయటపడతాడు. అప్పుడు సావిత్రి భుజాలు, చూపు, నడక ఎలా మారాయో చూసి రాయి. వయసులో ఉండగా నేను ఆ పాట గురించే రాశాను. టూరింగ్ టాకీసులో రీలు మార్చే విరామంలో, ఒళ్ళో కాగితం పెట్టుకుని పెన్సిలుతో గీసుకున్న గుర్తులతో రాసిన వ్యాసమది. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ భాగమే కొట్టేసి, సెట్టింగులకు ఎంత ఖర్చయిందో, ఎవరికెంత పారితోషికం ఇచ్చారో రాసి పంపమన్నాడు. నేను ఒప్పుకోలేదు, వ్యాసం అచ్చు కాలేదు. ఆ అన్యాయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అటువంటివాళ్ళు నేర్పిన అలవాటే నేడు నక్షత్రాలు వేయడంగా మారింది. మాయాబజార్‌కు నాలుగున్నర వేశావు, ఆ తగ్గించిన సగం ఏ సన్నివేశానిదో ఎక్కడా చెప్పలేదు.

ఏ పత్రికకు పంపాలన్నది తరువాతి మాట. తక్కిన సినిమాలు పక్కనపెట్టి, మల్లీశ్వరి ఒక్కటే మళ్ళీ చూడు. మండపం సన్నివేశం మొదలు పల్లకీ వచ్చేవరకు మాత్రమే రాయి. ఎన్ని పేజీలైనా సరే, నక్షత్రాలు లేకుండా పంపితే చదువుతాను.

ఆశీస్సులతో,
కడప నుంచి