ఫార్మకాలజీ చదివితే మా అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ చివరి సంవత్సరం. గుండె దడకు నేను వాడే కార్వెడిలాల్ మాత్రకు రక్తంలోని కొవ్వు పాడవకుండా కాపాడే యాంటీఆక్సిడెంట్ గుణం కూడా ఉందట, దాని మీదే ప్రాజెక్టు చేసింది. ఇప్పుడు మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చదివే ఫార్మకాలజీలో ఎంఫార్మసీ చేసి రీసెర్చ్‌కి వెళ్తానంటోంది. మేమేమో ఆసుపత్రి పనికి సంబంధించిన మూడేళ్ల ఫార్మ్‌డీ చేయమంటున్నాం, పేరు ముందు డాక్టర్ అని వస్తుంది కదా. ఏది మంచిది? అన్నట్టు, ఈ మాత్ర కొవ్వుకు కూడా మంచిదైతే కొలెస్ట్రాల్ మాత్ర మానేయవచ్చా?
- ఒక తండ్రి, నెల్లూరు జిల్లా

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు చెబుతాను. మానకండి. కార్వెడిలాల్ కొలెస్ట్రాల్‌ని తగ్గించదు. ఉన్న ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఆక్సీకరణ చెందడాన్ని (ఆక్సిజన్‌తో కలిసి పాడవడాన్ని) ఆలస్యం చేస్తుందని పరీక్షనాళికలో చూశారు, అంతే. ఏ మాత్రైనా మీ డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు.

ఇక అసలు విషయం. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. కోర్సుల పేర్లు మారతాయి గానీ కింద ఉండే భయం ఒక్కటే: చుట్టాలు అడిగితే అమ్మాయి ఏం చేస్తోందని చెప్పుకోవాలి? ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాన్ని తగ్గించుకోవడానికి అమ్మాయి చేత తను కోరని కోర్సు మూడేళ్లు చదివించడం న్యాయం కాదండీ.

మీ అమ్మాయి ఏం చేసిందో ఎప్పుడైనా కూర్చోబెట్టుకుని అడిగారా? రక్తం నుంచి వేరుచేసిన ఎల్‌డీఎల్‌కి రాగి లవణం కలిపితే అది మెల్లగా ఆక్సీకరణ చెందుతుంది. ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 234 నానోమీటర్ల దగ్గర ఆ మార్పు కనిపిస్తుంది. కార్వెడిలాల్ కలిపితే ఆ మార్పు మొదలవడానికి ఎక్కువసేపు పడుతుంది. అణువులో ఉన్న కార్బజోల్ భాగం వల్ల వచ్చిన గుణం అది. గుండె వేగాన్ని తగ్గించే అదే బీటా బ్లాకర్ల కుటుంబంలోని మెటోప్రోలాల్ అనే మందులో ఆ భాగం లేదు.

మరి దాని వల్ల రోగికి మేలు జరిగిందా? చిక్కంతా ఇక్కడే ఉంది. గుండె బలహీనంగా ఉన్న 3,029 మంది మీద జరిగిన కోమెట్ అధ్యయనం 2003లో వచ్చింది. మెటోప్రోలాల్ కన్నా కార్వెడిలాల్ వాడినవాళ్లలో మరణాలు తగ్గాయి. అది యాంటీఆక్సిడెంట్ గుణం వల్లేనా? కార్వెడిలాల్ రక్తనాళాలను బిగించే ఆల్ఫా గ్రాహకాలను కూడా అడ్డుకుంటుంది. పైగా పోల్చిన మెటోప్రోలాల్ రకం, మోతాదు సరైనవేనా అన్న వాదన ఇంకా ఉంది. విటమిన్-ఇ కూడా మంచి యాంటీఆక్సిడెంటే. 9,500 మందికి పైగా పాల్గొన్న హోప్ అధ్యయనంలో అది గుండెపోట్లను తగ్గించలేదని 2000లో తేలింది. అంతకు ముందు, 1989లో, కాస్ట్ అధ్యయనం ఇంకా పెద్ద దెబ్బ కొట్టింది. గుండె లయ తప్పకుండా ఇచ్చిన మందులు ఈసీజీని బాగుచేశాయి, కానీ వాటిని వాడినవాళ్లే ఎక్కువమంది చనిపోయారు.

పరీక్షనాళికలో కనిపించిన మంచి మనిషి దాకా వస్తుందా అని అనుమానించి తేల్చడమే ఫార్మకాలజిస్టు పని. ఇరవై ఒకటో, ఇరవై రెండో ఏట ఇంట్లో నాన్న వేసుకునే మాత్రను చూసి ఆ దారి పట్టిన పిల్లను మీరు వెనక్కి లాగుతున్నారు. ఇది నాకు నచ్చలేదు.

ఫార్మ్‌డీ చెడ్డ కోర్సని నేననను. వార్డులో రోగుల మధ్య, డాక్టర్ల పక్కన పనిచేయాలని మనసున్న పిల్లలకు అది బాగుంటుంది. కానీ మన రాష్ట్రాల్లో ఇప్పుడు అది మోజుగా మారింది. పేరు ముందు డాక్టర్ అని రాసుకున్నా మందు రాసే అధికారం రాదు. క్లినికల్ ఫార్మసిస్టుకు సరైన హోదా, జీతం ఇచ్చే ఆసుపత్రులు నాకు తెలిసి తక్కువే. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది చివరికి మందుల దుష్ప్రభావాలను గమనించే ఫార్మకోవిజిలెన్స్‌లోనో, జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే మెడికల్ కోడింగ్‌లోనో చేరారు. అవి మంచి ఉద్యోగాలే, కాదనను. కానీ బీఫార్మసీతోనే చేరగలిగిన చోటికి మూడేళ్ల ఫీజులు కట్టి వెళ్లడం ఎందుకు?

ఎంఫార్మసీకి రెండేళ్లు. ఫార్మసీ పీజీ ప్రవేశ పరీక్ష జీప్యాట్‌లో అర్హత ఉంటే సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ అయిన హైదరాబాద్ నైపర్‌లో సీటు వస్తే మరీ మంచిది. తర్వాత మందుల విషప్రభావాలను పరీక్షించే టాక్సికాలజీ ల్యాబులు, హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలో బయోటెక్ కంపెనీలు ఉన్నాయి, పీహెచ్‌డీ ఉంది. మొదటి జీతం చూసి మీరు నిరాశపడవచ్చు, అది ముందే చెబుతున్నాను. కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం చూడొద్దు. ప్రయోగాలకు జంతువులను ఉంచే, అనుమతి ఉన్న యానిమల్ హౌస్ ఉందా, గైడ్ స్వయంగా పని చేయిస్తారా అని సీనియర్లను అడగమనండి.

పెళ్లి సంగతి మీరు రాయలేదు కానీ టెన్షన్‌లో సగం అదేనని నాకు తెలుసు. రెండేళ్లలో ఏమీ మించిపోదండీ.

ఈసారి గుండె డాక్టర్ దగ్గరికి చెకప్‌కి వెళ్లేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. మీ మాత్రల గురించి ఆమెనే అడగనివ్వండి. మీరు పక్కన కూర్చుని వినండి, తర్వాత నాకు మళ్లీ రాయండి.