కాన్‌కూన్ నుంచి చిచెన్ ఇట్జా: ఒక్క రోజు ప్రయాణం గురించి

అమ్మానాన్నలతో మెక్సికోలోని కాన్‌కూన్‌లో దిగుతున్నామనీ, ఉన్న ఒక్క రోజులో చిచెన్ ఇట్జా, టులుమ్, కోబా అనే ప్రాచీన మాయా శిథిల నగరాలు మూడూ చూడడం వీలవుతుందా అనీ మీరు అడిగారు. పెద్దవాళ్లతో మూడూ పెట్టుకోకండి. చిచెన్ ఇట్జా ఒక్కటే నింపాదిగా చూపించండి.

దూరం సుమారు 200 కిలోమీటర్లు, కారులో రెండున్నర గంటలు. అయితే కాన్‌కూన్ ఉన్న కింతానా రో రాష్ట్రపు గడియారం చిచెన్ ఇట్జా ఉన్న యుకటాన్ రాష్ట్రం కంటే ఒక గంట ముందుంటుంది కాబట్టి, ఉదయం 6 గంటలకు బయలుదేరితే అక్కడి లెక్కన 7:30కే చేరుకొని, 8 గంటలకు గేటు తెరవగానే, ఎండ ముదిరి టూరు బస్సులు దిగకముందే లోపలికి వెళ్లవచ్చు. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది, మరవకండి.

అక్కడి ముఖ్య కట్టడమైన మెట్ల పిరమిడ్‌ను ఎక్కనివ్వరు కనుక మోకాళ్ల గురించి బెంగ అక్కరలేదు. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైఅరుగుతో కలిపి 365. మెట్లకు ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే ప్రతిధ్వని పక్షి కూతలా కీచుమంటూ తిరిగివస్తుంది; నాన్నగారి చేతనే కొట్టించండి. మైదానంలో నీడ తక్కువ, గొడుగులు తప్పనిసరి.

మధ్యాహ్నం దగ్గరలోని ఇక్ కిల్ సెనోటేకు (నేల కుంగి ఏర్పడిన సహజమైన నీటి గుంటకు) వెళ్లవచ్చు. నీటి దాకా చాలా మెట్లు దిగాలి కనుక, పెద్దవాళ్లు పైనుంచి చూస్తే చాలు.