డాలస్ గాజు తొట్టెలో ఎర్ర రొయ్యలు: తెల్లమచ్చ కాదు, మేత ఎక్కువైంది

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా మొదట టైగర్, తరువాత వనామి రొయ్యల సాగు చేస్తున్నాను. ఆరు నెలలు ఉందామని అమెరికాలో డాలస్ దగ్గరున్న మా అమ్మాయి ఇంటికి వచ్చాను. ఇక్కడ మా మనవడికి పది గాలన్ల గాజు తొట్టెలో హవాయి ఎర్ర రొయ్యలు అరవై దాకా ఉన్నాయి. మూడేళ్లుగా ఎవరూ పట్టించుకోక అద్దాలన్నీ పాచి పట్టి ఉన్నాయి. నేను వచ్చిన రెండు నెలల నుంచి రోజూ అద్దాలు తుడిచి, చిటికెడు చొప్పున మూడు పూటలా రొయ్య పిల్లల మేత వేసి, వారానికోసారి పావు వంతు నీరు మారుస్తున్నాను. ఆవిరైన నీటికి బదులు ఉప్పు కలిపిన కుళాయి నీరు పోస్తున్నాను. సెలినిటీ (నీటి ఉప్పదనం) 23 పీపీటీ, పీహెచ్ 8.2, అమ్మోనియా 0.5 పీపీఎం, వేడి 26 డిగ్రీలు ఉన్నాయి. ఇరవై రోజులుగా రొయ్యలు ఎరుపు తగ్గి, పాలిపోయి, రాళ్ల చాటుకు పోతున్నాయి. అడుగున రోజూ నాలుగైదు తెల్లగా పడి ఉంటున్నాయి. ఖాయంగా చచ్చినవి తొమ్మిది. ఇది మా చెరువుల్లో రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ వైరస్ జబ్బే అనుకుంటున్నాను. మా ఊరి మందుల డీలరును ఫోనులో అడిగితే ప్రోబయాటిక్ (మేలుచేసే బాక్టీరియా పొడి), మినరల్ మిక్స్, విటమిన్ సి కలిపి వాడమన్నాడు. ఇక్కడి షాపులో పాచి పోయే మందు ఇచ్చారు, ఇంకా పోయలేదు. ఏం చేయాలి? తిరిగి వచ్చేటప్పుడు ఒక పాతిక రొయ్యలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: ముందుగా ఆ పాచి మందు సీసా మూత తీయకండి, వీలైతే ఈ రోజే షాపులో తిరిగి ఇచ్చేయండి. నాచును చంపడానికి అమ్మే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. చేపలు తట్టుకునే మోతాదులో కూడా రాగి రొయ్యను చంపుతుంది, ఒకసారి తొట్టెలో పడితే రాళ్లకూ ఇసుకకూ పట్టుకుని నెలల తరబడి వదలదు. పైగా మీరు పోగొట్టాలనుకుంటున్న ఆ పాచే ఈ రొయ్యల అసలైన ఆహారం.

మీ తొట్టెలో ఉన్నది తెల్లమచ్చ కాదు. ఇరవై రెండేళ్లు రొయ్యలు పెంచిన మీకు ఈ మాట చెప్పవలసి వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు, కానీ మీరు రాసిన లక్షణాలే ఆ మాట చెబుతున్నాయి. తెల్లమచ్చ వైరస్ సోకిన చెరువు మూడు నుంచి పది రోజుల్లో దాదాపుగా ఖాళీ అయిపోతుంది, ఇరవై రోజుల్లో అరవైకి తొమ్మిది చచ్చి ఆగదు. టైగర్ రొయ్య డిప్ప లోపలి వైపున అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల మచ్చలు ఉంటాయి, వనామిలో చాలాసార్లు మచ్చలే కనపడక ఒళ్లు ఎర్రబారుతుంది. మీ రొయ్యలు అందుకు విరుద్ధంగా ఎరుపు పోగొట్టుకున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మూడేళ్లుగా బయటి రొయ్యగానీ ఏటి నీరుగానీ చేరని తొట్టెలోకి ఆ వైరస్ రావడానికి దారి లేదు.

అడుగున తెల్లగా కనిపిస్తున్నవాటిలో ఎక్కువ భాగం చచ్చిన రొయ్యలు కావు, మోల్టింగ్‌లో వదిలిన కుబుసాలు. ఒకదాన్ని డ్రాపర్‌తో పైకి తీసి తెల్ల సాసరులో వేసి, కిటికీ వెలుతురులో భూతద్దంతో చూడండి. కుబుసమైతే గాజు కాగితంలా లోపల బోలుగా ఉంటుంది, మీసాలూ కాళ్ల పొరలూ కూడా విడివిడిగా కనిపిస్తాయి, కళ్ల చోట నల్లదనం లేకుండా ఖాళీ తొడుగులే ఉంటాయి, తలభాగానికీ తోక భాగానికీ మధ్య వీపు మీద రొయ్య బయటికి వచ్చిన చీలిక తెరిచి ఉంటుంది. చచ్చిన రొయ్య అయితే లోపల కండ పాలలా చిక్కగా ఉంటుంది, కళ్లు నల్లగానే ఉంటాయి. చచ్చినదాన్ని తీసేయండి, కుబుసాన్ని మాత్రం తొట్టెలోనే వదిలేయండి, దాన్ని కొరికి తిని అవి తమకు కావలసిన సున్నం కొంత తిరిగి తీసుకుంటాయి. అయితే ఇంత చిన్న తొట్టెలో రోజుకు నాలుగైదు కుబుసాలంటే సాధారణం కాదు. నీరు తరచుగా మారుస్తూ ఉంటే, ఆ కుదుపుకు రొయ్యలు వేళకాని వేళ కుబుసం విడుస్తాయి, మెత్తగా ఉన్న ఆ గంటల్లోనే అమ్మోనియా తగిలి చస్తాయి. మీ తొమ్మిది చావులూ నా అంచనాలో ఇలాంటివే.

రంగు పాలిపోవడం ఈ జాతిలో రోగం కాదు, బెదురుకు గుర్తు. హవాయి భాషలో ఓపే ఉలా అంటే ఎర్ర రొయ్య అనే అర్థం. శాస్త్రీయ నామం హేలోకారిడినా రుబ్రా. నిమ్మళంగా ఉన్నప్పుడు మిరపపండులా ఎర్రగా ఉండి, నీరు మారినా, వెలుతురు ఎక్కువైనా, చేయి పెట్టి కదిపినా గంటల్లో పారదర్శకంగా మారిపోతుంది.

ఇక అసలు కారణానికి వస్తాను. ఈ రొయ్య హవాయి దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పుట్టదు. సముద్రం ఒడ్డున గడ్డకట్టిన లావా రాళ్ల మధ్య, పైకి సముద్రంతో కాలువగానీ గండిగానీ లేకుండా, భూమి లోపలి పగుళ్ల ద్వారానే పోటుకు నీరు ఎక్కి పాటుకు దిగే చిన్న చిన్న గుంటలు ఉంటాయి. కొండ మీది నుంచి ఇంకిన మంచినీరు, రాళ్లలోంచి ఊరిన సముద్రపు నీరు కలిసిన ఆ గుంటల్లో ఇది బతుకుతుంది. అక్కడ దీనికి మేత వేసేవారు ఎవరూ లేరు. ముందు కాళ్ల చివర ఉన్న కుంచె వంటి వెంట్రుకలతో రాళ్ల మీది నాచునూ బాక్టీరియా జిగురు పొరనూ గీకి తింటూ, సెంటీమీటరున్నర దాటకుండా ఏళ్ల తరబడి బతుకుతుంది. సరిగా ఉంచిన తొట్టెల్లో పదేళ్లకు పైగా, కొన్ని ఇరవై ఏళ్ల వరకు బతికినట్టు పెంపకందారులు చెబుతారు.

మీ వనామి నాలుగు నెలల్లో 20 గ్రాములు తూగాలి కాబట్టి, 35 శాతం ప్రొటీన్ ఉన్న మేత రోజుకు నాలుగు పూటలు వేసి, మేత మిగిలిందో లేదో చూసే చెక్‌ట్రే ఖాళీ అయితే ఇంకాస్త పెంచుతారు. అది సాగు లెక్క. మీ మనవడి అరవై రొయ్యలూ కలిపి తూచినా మీ చెరువులోని 50 కౌంట్ (కిలోకు 50 తూగే) రొయ్య ఒక్కదాని బరువుకు రావు. అటువంటి తొట్టెలో రోజుకు మూడు చిటికెలు వేస్తే తినేది ఎంత, కుళ్లేది ఎంత అని మీరే లెక్క వేయండి. ఆ కుళ్లే మీకు 0.5 పీపీఎం అమ్మోనియాగా కనిపిస్తోంది, ఆ పీహెచ్‌లో అందులో కొంత భాగం నేరుగా విషమే. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యం, మూడేళ్లుగా ఎవరూ పట్టించుకోక పాచి పట్టి ఉన్నాయన్నది. అరవై రొయ్యలు మూడేళ్లు బతికింది ఆ పాచి తినే.

కాబట్టి ఈ రోజు నుంచి 30 రోజులు మేత పూర్తిగా ఆపండి. అద్దాలు తుడవడం కూడా ఆపండి, చూడటానికి ముందు అద్దం ఒక్కటి మాత్రం నెలకోసారి తుడుచుకోవచ్చు. ఎయిర్ స్టోన్‌కు పోయే సన్నని గొట్టంతో అడుగున పేరుకున్న మేత మడ్డిని ఒకసారి నిదానంగా సైఫన్ చేయండి. ఆ నీటిని గిన్నెలోకి పట్టి, రొయ్య పిల్లలు ఏవైనా వచ్చాయేమో చూశాకే పారబోయండి.

సెలినిటీని 23 నుంచి 15కు తేవాలి. 23 వల్ల ఈ రొయ్యలు చావవు. ఇవి దాదాపు మంచినీటి నుంచి పూర్తి సముద్రపు నీటి వరకు తట్టుకుంటాయి. వాటిని దెబ్బతీసింది పెరిగిన ఉప్పు కాదు, వారం వారం దాని ఎగుడుదిగుడు. రాళ్లు పోగా మీ తొట్టెలో 32 లీటర్ల నీరు ఉంటుందనుకుంటే, వారానికి ఒకసారి 3 లీటర్లు తీసి 3 లీటర్ల ఆర్వో లేదా డిస్టిల్డ్ నీరు సన్నని ధారగా అరగంటసేపు పడేటట్టు పోయండి. మొదటి వారం 21కి, రెండో వారం 19కి, మూడో వారం 17కి, నాలుగో వారం 15.5కు దిగుతుంది. అక్కడితో ఆపండి. ఈ నాలుగు వారాల్లో అమ్మోనియాను మూడు రోజులకోసారి చూడండి. 1 పీపీఎం దాటితేనే తొట్టెలో ఆ రోజు ఉన్న సెలినిటీకి సరిపోయేటట్టు కలిపిన నీటితో 6 లీటర్లు మార్చండి, దాటకపోతే చేయి పెట్టవద్దు.

ఆ తరువాత ఏళ్ల తరబడి గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. అందుచేత తగ్గిన నీటికి బదులు ఎప్పుడూ ఉప్పు లేని ఆర్వో నీరే పోయాలి. ఎండాకాలంలో మీ చెరువులో సెలినిటీ ఎందుకు పెరుగుతుందో మీకు తెలుసు, ఇక్కడ మీరు పోసిన ఉప్పునీరు దాన్ని ఇంకా పెంచింది. అద్దం మీద నీటి మట్టం దగ్గర గీత గీసి, అర అంగుళం తగ్గగానే ఆ గీత వరకు పోస్తే చాలు. కుళాయి నీరు వద్దు. అమెరికాలో చాలా నగరాల్లో క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ కలుపుతారు, మన దగ్గరలా ఒక రాత్రి బకెట్‌లో నిలవ ఉంచితే అది పోదు. కొత్తగా ఉప్పునీరు కలపవలసి వస్తే వంటింటి ఉప్పు వాడకుండా, కాల్షియం, మెగ్నీషియం ఉన్న సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు 16 నుంచి 17 గ్రాములు కలిపి, మరునాడు ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూసి వాడండి.

మీ డీలరు చెప్పిన మందుల గురించి నాకు బాధగా ఉంది. తొట్టెను చూడకుండా, అది ఏ రొయ్యో అడగకుండా, ఎన్ని లీటర్లో తెలుసుకోకుండా మూడు డబ్బాలు చెప్పడం సలహా కాదు, అమ్మకం. మన జిల్లాల్లో ఎకరాకు వేలకు వేలు ఇలాగే నీళ్లలో కలుస్తున్నాయి. మందు పోసే ముందు నీటిలో అమ్మోనియా, ఆల్కలినిటీ (క్షార గుణం) పరీక్ష చేయించుకోని రైతులు ఉన్నారు. మీరు కనీసం నాలుగు రీడింగులు రాశారు, అందుకే ఇంత వివరంగా జవాబు ఇవ్వగలుగుతున్నాను. ప్రోబయాటిక్ పొడితో పాటు దాన్ని మోసే పిండి పదార్థమూ నీటిలో పడుతుంది, ఇప్పటికే మేత కుళ్లుతున్న తొట్టెకు అది మరో పూట మేత వేయడమే. కావలసిన బాక్టీరియా మీ రాళ్ల మీద మూడేళ్లుగా ఉంది. మినరల్స్ సముద్రపు ఉప్పులోనే ఉన్నాయి, సున్నం తగ్గుతుందనుకుంటే ఉడికించి కడిగిన ఆలిచిప్పలు రెండు తొట్టెలో పడేయండి.

మేత మళ్లీ మొదలుపెట్టడం నెల తరువాతి మాట. అద్దం మీద పచ్చని పొర ఉన్నంతకాలం మేత అవసరం లేదు, మీ చెక్‌ట్రే ఇకపై ఆ అద్దమే. పొర బాగా పలచబడి, రొయ్యలు ఒకే చోట పదే పదే గీకుతూ కనిపిస్తే, పళ్లపుల్ల కొనను తడిపి స్పిరులినా (ఒక రకం నాచు) పొడిలో ముంచి, అంటుకున్నంత మాత్రం పదిహేను రోజులకోసారి వేయండి. మరునాటికి నీరు మసకబారితే అదీ ఎక్కువైనట్టే.

లైటు రోజుకు 8 గంటలు చాలు, నేరుగా ఎండ పడే కిటికీలో తొట్టె పెట్టవద్దు. వేడి 20 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. ఫిల్టరు నీటిని లాగే చోట స్పాంజి తొడగండి, లేకపోతే రొయ్య పిల్లలు అందులోకి పోతాయి. గాలి బుడగలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా ఉండాలి, ఏరేటరు తిప్పినట్టు నీరు చిలకకూడదు. రంధ్రాలున్న రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి లోపల చీకటి మిగిల్చండి, ఎందుకంటే హవాయిలో ఇవి గుడ్లు మోసేది, పిల్లలు పెట్టేది కంటికి కనపడని భూగర్భపు పగుళ్లలోనే. తల్లి కడుపు కింద పదీ పదిహేను గుడ్లు కనిపిస్తే అయిదారు వారాలు తొట్టెలో చేయి పెట్టవద్దు. బయటికి వచ్చిన లార్వాలు తలకిందులుగా వేలాడుతూ తమ పచ్చసొన మీదే కొన్ని వారాలు బతుకుతాయి, వాటికి మేతగా ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే చిన్న జీవి) అక్కరలేదు. ఆ గదిలో బొద్దింకల మందు, దోమల మందు కొట్టనివ్వకండి. మనవడు ముచ్చటపడినా చేపను తోడు వేయకండి. హవాయిలో గప్పీలు, తిలాపియా వదిలిన గుంటల్లో ఈ రొయ్యలు పగలు బయటికి రావడమే మానేశాయి.

చివరి ప్రశ్నకు జవాబు, తేవద్దు. సంచిలో పాతిక రొయ్యలు పట్టుకుని రావడం చిన్న సంగతిగా కనిపించవచ్చు, కానీ బతికి ఉన్న జలచరాలను కేంద్ర ప్రభుత్వ అనుమతి, క్వారంటైన్ లేకుండా దేశంలోకి తేవడం నేరం. మీరు వేసే వనామి సీడ్ (రొయ్య పిల్లలు) కోసం విదేశాల నుంచి తెచ్చే తల్లి రొయ్యలు కూడా చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటాకే హేచరీలకు వస్తాయి. 1994-95లో తెల్లమచ్చ మన కోస్తాకు వచ్చినప్పుడు, రాత్రి బాగున్న టైగర్ చెరువు తెల్లారేసరికి గట్టు వెంబడి తేలిన రొయ్యలతో నిండడం చూసినవాణ్ణి. మీరూ ఆ తరువాతి ఏళ్ల నష్టాలు చూసే ఉంటారు. మీ ఇంటి తొట్టె నీరు పారేది మీ చెరువు కాలువలోకే. ఏ జబ్బు ఏ రొయ్యలో దాగి వస్తుందో కంటితో చూసి చెప్పగలవారు ఎవరూ లేరు.

ఎనిమిది వారాలు గడిచాక, రాత్రి లైటు ఆపిన రెండు గంటల తరువాత, టార్చికి ఎర్ర కాగితం చుట్టి మీరూ మీ మనవడూ కలిసి రొయ్యలను లెక్కపెట్టండి. ఆ అంకెతో పాటు ఆ రోజు సెలినిటీ, అమ్మోనియా, వాటి రంగు ఎలా ఉందో నాకు రాయండి.