కంట్లో పెట్టే మందు పుల్ల ఉండిపోదు, కరిగిపోతుంది

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మకు 58 ఏళ్లు, 14 ఏళ్లుగా షుగర్ ఉంది. మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి వెళ్తుంది. రెండేళ్ల కిందట కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఇప్పుడు అదే కంట్లో రెటీనా వాచిందని నెలకొకటి చొప్పున ఐదు ఇంజెక్షన్లు వేశారు. వాపు పూర్తిగా తగ్గలేదు. స్టెరాయిడ్ నింపిన పాలిమర్ పుల్లను కంట్లో పెడతామని డాక్టర్ అంటున్నారు. ప్లాస్టిక్ కంట్లో ఉండిపోదా? షుగర్ పెరగదా? చుక్కల మందు సరిపోదా? ఇన్సులిన్‌కు సూది లేని పట్టీలు వచ్చాయని ఫోనులో చూశాం, నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: లోపలి కుట్లు వేసినప్పుడు ‘తీయనక్కర్లేదు, వాటంతటవే కరిగిపోతాయి’ అని డాక్టర్లు చెబుతుంటారు కదా! ఆ దారం ఏ జాతిదో ఈ పుల్లా ఆ జాతిదే. లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలతో చేసిన పాలిమర్ ఇది. కంట్లోని తడి తగిలేకొద్దీ మళ్లీ ఆ ఆమ్లాలుగా విడిపోతుంది. శరీరం వాటిని నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి పంపేస్తుంది. పొడవు 6 మిల్లీమీటర్లు, మందం అర మిల్లీమీటరు లోపే. పొడవులో ఇంచుమించు బియ్యపు గింజంత, మందంలో దానికన్నా చాలా సన్నం. అందులో ఉండేది 0.7 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. షుగర్ వల్ల వచ్చే ఈ వాపుకు అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది.

చుక్కల మందు చాలావరకు కన్నీటితో జారిపోతుంది. కంటి లోపలికి దిగేది నూటికి ఐదు వంతులైనా ఉండదు, వెనుకనున్న రెటీనాకు చేరేది ఇంకా తక్కువ. స్టెరాయిడ్ మాత్రలు మింగితే మందు ఒళ్లంతా తిరుగుతుంది, షుగర్ అమాంతం పెరుగుతుంది. పుల్లలోని మందు కంట్లోనే కొద్దికొద్దిగా ఊరుతుంది కాబట్టి షుగర్ మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదు. మొదటి రెండు నెలలు బలంగా, తర్వాత పల్చబడుతూ దాదాపు ఆరు నెలల దాకా అందుతుంది. చాలామందిలో మూడు, నాలుగు నెలలకే వాపు తిరిగి మొదలవుతుంది. అప్పుడు మళ్లీ పెట్టాల్సి రావచ్చు. అందుకు సిద్ధంగా ఉండండి.

పెట్టడానికి కొన్ని నిమిషాలు చాలు. చుక్కలతో కన్ను మొద్దుబారుస్తారు. పరికరం నుంచి ‘టక్’మని చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం గురించి అమ్మగారికి ముందే చెప్పండి, ఉలిక్కిపడి తల కదపకుండా ఉంటారు. తర్వాత కొన్నాళ్లు చూపులో సన్నటి గీత కదులుతున్నట్టు కనిపించవచ్చు. దానికి కంగారు పడవద్దు.

నేను గట్టిగా పట్టుబట్టేది కంటి ప్రెషర్ దగ్గర. స్టెరాయిడ్ వల్ల కొందరిలో అది పెరుగుతుంది, ముఖ్యంగా రెండో నెల దగ్గర. నొప్పి ఉండదు కాబట్టి పరీక్ష చేస్తే తప్ప తెలియదు. చూపు బాగుపడిందని చెకప్ మానేసి, ఆ మెరుగైన కంటినే నీటి కాసులకు (గ్లాకోమా, అంటే ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతినే జబ్బు) పోగొట్టుకోవడం కన్నా బాధాకరమైనది లేదు. సకాలంలో తెలిస్తే చాలామందికి చుక్కలతోనే ప్రెషర్ అదుపులోకి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా నీటి కాసులు ఉంటే ముందే చెప్పండి. స్టెరాయిడ్‌తో శుక్లం కూడా వస్తుంది గానీ, ఈ కంటికి ఆపరేషన్ అయిపోయింది కనుక ఆ చింత లేదు.

ఆ ఆపరేషన్ కాగితాలు మాత్రం తప్పక తీసుకెళ్లండి. లెన్స్ వెనుకనుండే పల్చటి పొర అప్పుడు చిరిగి ఉంటే, ఈ పుల్ల ముందుకు జారి కార్నియాను, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొరను, దెబ్బతీయవచ్చు. అలాంటి కంటికి ఇది పెట్టకూడదు. కాగితాలు దొరకకపోయినా ఆ విషయం డాక్టర్‌ను అడగండి, పరీక్షించి చెబుతారు.

ఇన్సులిన్ పట్టీ సంగతి: పాలిమర్‌తో చేసిన సన్నటి ముళ్లు చర్మంలో కరిగిపోయే పట్టీలు నిజమే. ఫ్లూ టీకాను అలా ఇచ్చి 100 మందిపై చేసిన తొలి పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఇన్సులిన్‌కు అలాంటిది ఇంకా వైద్యంలోకి రాలేదు. ఫోనులో ఎవరైనా అమ్ముతామంటే కొనవద్దు. అమ్మగారి ఇన్సులిన్ ఒక్కపూట కూడా ఆపవద్దు. షుగర్, బీపీ అదుపు తప్పితే ఈ వాపు మళ్లీ వస్తుంది.

పుల్ల పెట్టాక కనీసం వారం రోజులు అమ్మగారిని తొడిమల పనికి పంపవద్దు. కూలి పోతుందని ఆవిడ మొండికేయవచ్చు. అయినా ఆ ఘాటులో, దుమ్ములో కన్ను నలపకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. ఆ రోజుల్లో కన్ను ఎర్రబడినా, నొప్పి పెరిగినా, చూపు ఉన్నట్టుండి మసకబారినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.